జాజ్ అరేంజింగ్ ఉన్నతాభ్యాసానికి ముందు సమకూర్చుకోవలసిన నైపుణ్యాలు

జాజ్ అరేంజింగ్‌ను, అంటే ఒక పాటను బృందంలోని వాద్యాలకు పంచి రాసే కళను, పై స్థాయిలో అభ్యసించదలచినవారు ముందుగా పరీక్షించుకోవలసినది తమ చెవినే. కాగితం మీద ఉన్న నాలుగు స్వరాల కార్డును, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపును, వాద్యం ముట్టకుండా మనసులో వినగలగాలి; అది పట్టుబడనంత వరకు ఎంత సిద్ధాంతం చదివినా రాత లెక్క కట్టినట్లే ఉంటుంది. ఈ శక్తిని పెంచడానికి రికార్డింగులు విని స్వరాలు రాసుకోవడాన్ని మించిన సాధన లేదని నా నమ్మకం. మొదట పై వరుసను, తరువాత అట్టడుగున ఉండే బేస్‌ను, చివరకు లోపలి వరుసలను పట్టుకోవాలి. కష్టమంతా ఆ చివరి పనిలోనే ఉంది.

హార్మొనీలో, అంటే స్వరాలను కలిపి మోగించే విద్యలో, కార్డుల పేర్లు తెలిస్తే చాలదు, ఒక కార్డు నుంచి మరొక కార్డుకు స్వరాలు నడిచే తీరు తెలియాలి. డీ మైనర్ సెవెన్ అనే కార్డు నుంచి జీ సెవెన్ అనే కార్డుకు వెళ్లేటప్పుడు ఎఫ్ అనే స్వరం కదలకుండా నిలుస్తుంది, సీ అనే స్వరం అర్ధస్వరం దిగి బీ అవుతుంది. అక్కడి నుంచి సీ మేజర్ సెవెన్‌కు చేరేటప్పుడు బీ నిలిచి, ఎఫ్ దిగి ఈ అవుతుంది. ఈ రెండు వరుసలను పాడుతూ పన్నెండు శ్రుతులలోనూ పియానోపై వాయించగలగాలి.

ఆ తరువాతది వాయిసింగ్, అంటే కార్డులోని స్వరాలను ఒకదాని కింద ఒకటి పేర్చే తీరు. పై నుంచి సీ, ఏ, జీ, ఈ అని దగ్గరగా పేర్చిన కార్డులో రెండవ స్వరమైన ఏను ఒక ఆక్టేవ్, అంటే ఒక స్థాయి, కిందికి దించితే డ్రాప్ టూ వాయిసింగ్ వస్తుంది. అదే కార్డు విశాలంగా వినిపిస్తుంది. ఎలాంటి వాయిసింగ్‌తో రాసినా ప్రతి వాద్యకారుడి భాగాన్ని విడిగా పాడి చూడాలి, ఎందుకంటే మూడవ ట్రంపెట్ వాయించేవారికి కూడా అది ఒక రాగవరుసగా తోచాలి.

బిగ్ బ్యాండ్ అనే పెద్ద జాజ్ బృందంలో సాధారణంగా 5 శాక్సోఫోన్లు, 4 ట్రంపెట్లు, 4 ట్రాంబోన్లు, వాటికి తోడు లయను నడిపే రిథమ్ విభాగం ఉంటాయి. కొన్ని వాద్యాలు రాసిన స్వరం కన్నా కింద మోగుతాయి కనుక, బీ ఫ్లాట్ ట్రంపెట్‌కు వినిపించవలసిన స్వరం కన్నా ఒక పూర్ణస్వరం పైన, ఆల్టో శాక్సోఫోన్‌కు మేజర్ సిక్స్త్ (తొమ్మిది అర్ధస్వరాలు) పైన రాయాలి. వీటిని తడుముకోకుండా రాయగలిగినప్పుడే నాదం గురించి ఆలోచించే తీరిక దొరుకుతుంది. 1930లో జాజ్ స్వరకర్త డ్యూక్ ఎల్లింగ్టన్ ‘మూడ్ ఇండిగో’ అనే రచనలో, నాదాన్ని అణచే మ్యూట్ పెట్టిన ట్రంపెట్‌ను, ట్రాంబోన్‌ను పైన ఉంచి, క్లారినెట్‌ను కింది స్థాయికి దించారు. అలవాటైన క్రమాన్ని తలకిందులు చేసిన ఆ అమరికను మూడు వాద్యాలతో స్వయంగా రాసి, వాయింపించుకుని వినాలి. వాద్యకారులు ఎక్కడ ఊపిరి తీసుకోలేకపోయారో, ఏ స్వరం మరుగున పడిందో వారినే అడిగి, ఆ చోట్లను అన్ని భాగాలూ రాసి ఉన్న స్కోరులో అప్పటికప్పుడే గుర్తించుకోవాలి.