చెయ్యెత్తితే బ్లౌజ్ మొత్తం పైకి లేస్తోందా? కుట్టు విప్పేముందు ఒక్కసారి ఇది చూడండి

అందరూ ముందు చెప్పేది ఇదే, చెయ్యెత్తితే పట్టేస్తోంది, చంక టైట్ అయింది అని. టైట్ అనగానే మనం ఏం చేస్తాం, కత్తెర తీసి చంక ఇంకాస్త కిందకి గీసేస్తాం. నేనూ అదే చేశా, మా చెల్లి పెళ్లికి కుట్టిన పట్టు బ్లౌజ్‌కి రెండుసార్లు గీశా, గీసిన కొద్దీ ఇంకా పట్టేసింది, పాపం అక్షింతలు వెయ్యడానికి వచ్చినవాళ్ళకి దణ్ణం పెట్టాలన్నా ఇబ్బందే.

అసలు సంగతేంటంటే చంక లోతు ఎక్కువైతే చెయ్యి పక్క కుట్టుని కూడా పట్టుకుని లాగుతుంది, అందుకే కింద అంచు పైకొచ్చేస్తుంది. చెయ్యి దించినప్పుడు బాగానే ఉండి ఎత్తితేనే లేస్తే లోతు ఎక్కువ అని అర్థం. చెయ్యి దించి ఉన్నా చంకలో కోసుకుపోతుంటేనే లోతు తక్కువ, అప్పుడు మాత్రమే పావంగుళం గీయండి. లోతు ఎక్కువైన దానికి షోల్డర్ కుట్టు దగ్గర పావంగుళం లోపలికి పట్టండి, కాకపోతే మెడ కూడా కాస్త పైకొస్తుంది, బ్లౌజ్ చెయ్యి కుట్టు విప్పి మళ్ళీ ఎక్కించాలి. అదీ చాలకపోతే చంక కింద అదే గుడ్డతో చిన్న డైమండ్ ముక్క వెయ్యండి, చెయ్యి దించితే ఎవరికీ కనపడదు.

చంక ముందువైపు ముడతలు వస్తున్నాయంటే ముందు భాగం వెనకదానికన్నా అరంగుళం లోపలికి గీయలేదన్నమాట. లేదా కుడి చెయ్యి ఎడమకి ఎక్కించి ఉంటారు (నవ్వకండి, రాత్రి పదకొండింటికి కుడితే జరుగుతుంది).

భుజం జారుతోందా? ఆది జాకెట్టు (కొలతకి ఇచ్చే బ్లౌజ్) మామూలు మెడది ఇచ్చి, వెనక 10 అంగుళాల డీప్ నెక్ పెట్టమంటారు, షోల్డర్ కొలత మాత్రం అదే ఉంచేస్తాం. డీప్ నెక్‌కి షోల్డర్ అరంగుళం తగ్గించాలి. కుట్టేశాక అయితే వెనక తాళ్ళు పెట్టడమే, పెళ్లి రేపు అయితే ఇంకో దారి లేదు.

ఉతికాక లోపల కాటన్ లైనింగ్ కుంచించుకుని పైన పట్టు బుడగలుగా లేస్తే, లైనింగ్ తడపకుండా కట్ చేశారు. కటింగ్‌కి ముందు కొన్ని గంటలు నీళ్ళలో నానబెట్టి నీడన ఆరబెట్టి ఇస్త్రీ చేస్తే చాలు. ఇప్పటికే అయిపోయినదానికి కింద అంచు విప్పి, మార్జిన్ (కుట్టు లోపల వదిలిన అదనపు గుడ్డ) ఉంటే లైనింగ్ వదులు చేసి మళ్ళీ కుట్టండి.

ఇక మిషన్. కుట్టు అడుగున దారం ఉండలు కడితే అందరూ బాబిన్ (కింది దారం చుట్టే చిన్న చక్రం) కేస్ మీది స్క్రూ తిప్పేస్తారు, తప్పు దాదాపు పైదారానిది. మిషన్ పాదం (గుడ్డని నొక్కి పట్టేది) పైకెత్తి దారం మళ్ళీ ఎక్కించండి, పాదం దించి ఎక్కిస్తే దారాన్ని బిగించి పట్టే టెన్షన్ డిస్కుల మధ్యకి దారం సరిగ్గా కూర్చోదు. పట్టు మీద కుట్టు ముడుచుకుపోతుంటే 16 నంబర్ సూది తీసి సన్నటి 11 పెట్టండి, మిగిలిన ముక్క మీద ఒక వరస కుట్టి చూసి అప్పుడు బ్లౌజ్ పెట్టండి.