చిన్న గదికి జాజు గోడ, దాని మీద నాలుగడుగుల ముగ్గు

పది బై పన్నెండు గది అనగానే చాలామంది నాలుగు గోడలకూ లేత గంధం రంగు వేయించి, చిన్నాచితకా అలంకరణ సామాను బోలెడంత పేరుస్తారు. దాంతో గది పెద్దదిగా కనబడదు సరికదా, కన్ను నిలవడానికి చోటే లేకుండా పోతుంది. చిన్న గదికి కావాల్సింది ఒక్క గోడ మీద గట్టి రంగు, ఆ రంగు మీద ఒకే ఒక్క పెద్ద బొమ్మ. మన ఊళ్లలో అరుగులకు జాజు పూసి తెల్లటి ముగ్గు వేస్తారు కదా, అదే జోడీని గోడకెక్కించే పద్ధతి ఇది. ఒక మనిషికి మూడు సెలవు రోజులు చాలు.

గుమ్మంలో నిలబడితే ఎదురుగా కనబడే గోడను ఎంచుకోండి. కిటికీ ఉన్న గోడ వద్దు. వెలుతురు కళ్లలో పడి గోడ రంగు నల్లగా కనబడుతుంది. బీరువా సగం కప్పేసే గోడా వద్దు. అద్దె ఇల్లయితే ఓనరు దగ్గర ముందే మాట తీసుకోండి. ఖాళీ చేసేటప్పుడు ఆ గోడను మళ్లీ తెల్లగా చేయాలంటే ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగుపూత) ఒక కోటు, తెలుపు రెండు కోట్లు పడతాయి. ఆ ఖర్చూ ఇప్పుడే లెక్కలో వేసుకోండి.

జాజునే ఎందుకు చెబుతున్నామంటే, అందంతో పాటు పనికి సంబంధించిన కారణం ఒకటుంది. జాజు ఎరుపు రెడ్ ఆక్సైడ్ నుంచి వస్తుంది. అది కింది రంగును బాగా కప్పేస్తుంది కాబట్టి రెండు కోట్లతో పని అయిపోతుంది. మిరపపండు ఎరుపు, నిమ్మ పసుపు లాంటివి అలా కప్పవు. మూడు కోట్లేసినా కింద తెలుపు చారలు చారలుగా కనబడుతూనే ఉంటుంది. మొదటిసారి వేసేవాళ్లు అక్కడే విసిగిపోతారు.

తక్కిన రంగులకు తడబడుతుంటే బీరువాలోంచి ఒంటి రంగు జాజుకు దగ్గరగా ఉన్న నచ్చిన చీర తీసి మంచం మీద పరవండి. ఒంటి రంగు, అంచు రంగు, బుటా రంగు ఏ పాళ్లలో ఉండాలో నేతగాళ్లు ఎప్పుడో తేల్చిపెట్టారు. ఒంటి రంగు గోడకు, అంచు రంగు మంచం దుప్పటికి, బుటా రంగు దిండ్లకు. జాజు గోడ ముందు మామిడిపండు పసుపు దిండ్లు రెండు, నెమలికంఠం రంగుది ఒక్కటి వేస్తే గది కళకళలాడుతుంది. నెమలికంఠం రెండోది వేయకండి. ఒక్కటే ఉంటేనే దానికి విలువ.

రంగు కొనేముందు గోడను పరీక్షించాలి. అరచేత్తో గట్టిగా రుద్దితే తెల్లగా పొడి అంటుకుంటే అది సున్నం గోడ. దాని మీద నేరుగా ఎమల్షన్ (నీళ్లు కలిపి వేసే గోడ రంగు) వేస్తే కొన్నాళ్లకే పెచ్చులు లేస్తుంది. సున్నాన్ని గోకేసి, పొడి పూర్తిగా తుడిచి, ప్రైమర్ వేయాల్సిందే. అడుగు చదరం ప్లాస్టిక్ కవరును నాలుగు పక్కలా టేపుతో గోడకు అంటించి ఒక రోజు వదిలేయండి. లోపలివైపు నీటి చుక్కలు పడితే గోడలో చెమ్మ ఉన్నట్టు. ఆ చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో చూసి ఆపకుండా రంగు వేస్తే, పొక్కులు వచ్చి డబ్బు వృథా. వానాకాలం ఈ పని పెట్టుకోవద్దు. సంక్రాంతికి ముందు ఇళ్లకు రంగులు వేసుకునే అలవాటులో మంచి తెలివి ఉంది. అప్పటికి గోడలు ఆరి ఉంటాయి.

పదడుగుల గోడ, పదడుగుల ఎత్తు అంటే 100 చదరపు అడుగులు. లీటరు ఎమల్షన్ ఒక కోటుకు సుమారు 120 నుంచి 140 చదరపు అడుగులు వస్తుంది. రెండు కోట్లకు లీటరున్నర పైన పట్టొచ్చు, కాబట్టి లీటరు డబ్బాలు రెండు తీసుకోండి. రెండూ ఒకేసారి, ఒకే షాపులో కలిపించి, ఇంటికొచ్చాక ఒకే బకెట్లో పోసి కలిపేయండి. డబ్బాకీ డబ్బాకీ రంగు వెంట్రుకవాసి తేడా ఉన్నా గోడ మధ్యలో గీతలా తెలుస్తుంది. ప్రైమర్ ఒక లీటరు, మేకుల గుంతలకు పుట్టీ ఒక కిలో, 180 నంబరు గరుకు కాగితం రెండు, 9 అంగుళాల రోలర్, 2 అంగుళాల బ్రష్, మాస్కింగ్ టేపు ఒక చుట్ట. ముగ్గుకు తెల్ల ఎమల్షన్ పావు లీటరు సరిపోతుంది.

షేడ్ కార్డు మీద కనబడే రంగు గోడంతా పరుచుకున్నప్పుడు ఇంకా చిక్కగా అనిపిస్తుంది. అందుకని కార్డులో నచ్చినదానికంటే ఒక మెట్టు తగ్గించి తీసుకోండి. పుట్టీ ఆరాక గరుకు కాగితంతో నున్నగా రుద్ది, దుమ్ము తుడిచి, ప్రైమర్ వేసి రాత్రంతా వదిలేయండి. రంగులో కలిపే నీళ్లు డబ్బా మీద రాసిన కొలత దాటనివ్వకండి. అంచులు బ్రష్‌తో ముందు వేసి, అవి తడిగా ఉండగానే రోలర్ పట్టాలి. కోటుకీ కోటుకీ నాలుగు గంటలు తగ్గకూడదు. గోడ అంచుల్లో అంటించిన మాస్కింగ్ టేపును చివరి కోటు ఇంకా కాస్త తడిగా ఉన్నప్పుడే ఏటవాలుగా లాగేయాలి. పూర్తిగా ఆరాక లాగితే రంగు పొర దాంతోపాటే చిరిగి వస్తుంది.

ఇక ముగ్గు. ఏడు చుక్కలు, నాలుగు వచ్చేవరకు సందు చుక్క. అంటే మధ్య వరుసలో ఏడు, దాని పైనా కిందా సందుల్లోకి వచ్చేలా ఆరు, ఐదు, నాలుగు. మొత్తం 37 చుక్కలు. చుక్కకీ చుక్కకీ 8 అంగుళాలు పెడితే మధ్య వరుస సరిగ్గా నాలుగడుగులు వస్తుంది. వరుసకీ వరుసకీ మధ్య మాత్రం 7 అంగుళాలే ఉండాలి. నేల మీద కంటి కొలతతో వేసే అలవాటున్నవాళ్లు గోడ మీద వరుసలకూ 8 అంగుళాలే పెట్టేస్తారు. అప్పుడు నడిమి చుక్క నుంచి కొస దాకా అడ్డంగా ఉన్న రేకులు 24 అంగుళాలు, ఏటవాలు రేకులు దాదాపు 27 అంగుళాలు అయి, ముగ్గు నిలువుగా సాగినట్టు కనబడుతుంది.

రంగు వేసిన మర్నాడు మొదలుపెట్టండి. ముగ్గు నడిబొడ్డు నేలకు 5 అడుగుల ఎత్తున ఉండాలి. దారానికి తాళంచెవి కట్టి వేలాడదీసి, ఆ దారం వెంట సుద్దముక్కతో నిలువు గీత గీయండి. అడ్డగీతను ఆ నిలువు గీతకు మూలమట్టం పెట్టి గీయండి. అడ్డగీతను నేల నుంచో సీలింగ్ నుంచో కొలిచి గీయకండి. పాత ఇళ్లలో అవి రెండూ ఒకవైపుకి వాలి ఉంటాయి. చుక్కలన్నీ సుద్దతో పెట్టాక నాలుగడుగులు వెనక్కి వెళ్లి ఒకసారి చూడండి.

నడిమి చుక్క చుట్టూ 2 అంగుళాలు ఖాళీ వదిలి, ఆరు మూలల చుక్కల వైపూ ఆరు రేకులు లాగాలి. ఒక్కో రేకు లోపల రెండేసి చుక్కలు ఇమిడి, మూడో చుక్క దగ్గర కొస తేలుతుంది. రేకు నడుమ వెడల్పు 6 అంగుళాలు బాగుంటుంది. 8 దాటితే పక్కనున్న చుక్కలకు ఊపిరాడదు. రేకుకీ రేకుకీ మధ్య మూడేసి చుక్కలు మిగులుతాయి, వాటిని కలిపితే చిన్న త్రికోణాలు. రంగు అట్లపిండి జారులో ఉండాలి. పలచనైతే గోడ మీద కారుతుంది. అర అంగుళం బ్రష్‌ను ముంచి, డబ్బా అంచుకు ఒత్తి, చిటికెన వేలు గోడకు ఆన్చి లాగితే చెయ్యి వణకదు. గీత తప్పితే వెంటనే తడిగుడ్డతో తుడిచేయండి. ఐదు నిమిషాలు ఆగితే ఇక జాజుతోనే దిద్దాలి. మెలికల ముగ్గు మొదటిసారికి వద్దు. వంపులో చిన్న తేడా కూడా గోడ మీద దాగదు.

గోడ అంత మాట్లాడుతున్నప్పుడు దుప్పటి కాస్త తగ్గాలి. పెడన కలంకారీ నిండా పువ్వులున్నది పరిస్తే రెండూ కొట్టుకుంటాయి. అంచు తప్ప ఏమీ లేని మంగళగిరి నూలు సరైన జోడీ. కలంకారీ మీద మనసుంటే ఎదుటి గోడ దగ్గరి కుర్చీకి వేయండి, ఎండ నేరుగా తగలకుండా.

బొమ్మలకు నేల మీద చోటు ఖర్చు పెట్టకండి. ద్వారబంధం పై అంచు ఎత్తున, పక్క గోడ పొడవునా 5 అంగుళాల వెడల్పు ప్లైవుడ్ పలక బిగించి, రెండడుగులకో బ్రాకెట్ వేయించండి. ముందంచుకు అర అంగుళం పట్టీ కొట్టిస్తే బొమ్మ జారి పడదు. కింది నుంచి చూస్తాం కాబట్టి పొట్టి బొమ్మలు పలక చాటుకు పోతాయి. 6 అంగుళాలు దాటినవే పైన పెట్టండి. కొండపల్లి బొమ్మలను తడిగుడ్డతో తుడవకూడదు, పొడి బ్రష్ చాలు. ఏటికొప్పాక బొమ్మల మీద ఉన్నది లక్క, వేడికి మెత్తబడుతుంది. కిటికీ ఎండకూ, టీవీ పైభాగానికీ దూరంగా ఉంచండి.

అన్నీ అయ్యాక తెల్లటి ట్యూబ్‌లైటు వేస్తే జాజు చచ్చుబడి కనబడుతుంది. 2700 లేదా 3000 కెల్విన్ (పసుపు ఛాయ వెలుగు) ఎల్ఈడీ బల్బు పెట్టండి. నిమ్మలకుంట తోలుబొమ్మల దీపం కొంటే లోపల 5 వాట్ల ఎల్ఈడీయే పెట్టాలి. మామూలు ఫిలమెంటు బల్బు వేడికి తోలు ముడుచుకుంటుంది. పొయ్యి ఆవిరి తగిలినా అంతే, కాబట్టి వంట కూడా ఆ గదిలోనే అయితే దీపాన్ని పొయ్యికి ఎదురు మూలన వేలాడదీయండి.