బొంత అంచుకు గుడ్డ ఎంచుకోవడం, మిగిలిన పీలికలతో పట్టీ కుట్టడం ఎలా?

బొంతలో ముందుగా చిరిగేది అంచే. కప్పుకునేటప్పుడు పట్టుకుని లాగేది, మడతపెట్టినప్పుడు ఒరుసుకునేది అదే. అందుకే చేతికందిన గుడ్డ ఏదో ఒకటి వేసి పని ముగించకండి. అలాగని కొత్త గుడ్డ కొనాల్సిన పని లేదు. పైభాగం కుట్టగా మిగిలిన పీలికలే చాలాసార్లు సరిపోతాయి, రంగులూ బాగా కలుస్తాయి.

1. ముందు గుడ్డ చూసుకోండి. పావు అంగుళం మాత్రమే బయటికి కనిపించేలా గుడ్డను మడిచి, బొంత అంచు కింద పెట్టి, నాలుగడుగులు వెనక్కి వచ్చి చూడండి. పరిచినప్పుడు ఎంతో అందంగా ఉన్న పెద్ద పూల డిజైన్ ఆ సన్నటి పట్టీలో తెగిపోయి మచ్చల్లా కనిపిస్తుంది. చిన్న చుక్కలు, సన్న గీతలు నప్పుతాయి. గీతల గుడ్డను ఏటవాలుగా కత్తిరిస్తే అంచు చుట్టూ తాడు పేనినట్టుంటుంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైన అంచు అదే. బొంత అంచులు వంపు తిరిగి ఉంటే మాత్రం ఏటవాలు పట్టీ తప్పనిసరి. టైలర్లు క్రాస్ పట్టీ అనేది దీన్నే. అది సాగుతుంది కాబట్టి వంపు దగ్గర ముడత పడదు. అంచులు తిన్నగా ఉంటే నేరుగా కత్తిరించిన పట్టీ చాలు.

ముదురు ఎరుపు, నీలం గుడ్డల్ని తడిపి తెల్ల గుడ్డ మీద ఒత్తి చూడండి. రంగు అంటితే, అది దిగడం ఆగేదాకా ఉతికాకే వాడండి.

2. కొలత వేయండి. నాలుగు వైపుల పొడవు కూడి, మూలలకీ చివరి అతుకుకీ మరో 12 అంగుళాలు కలపండి. 45×60 అంగుళాల బొంతకు 210, ఆ 12తో కలిపి 222 అంగుళాలు. పట్టీ వెడల్పు 2.5 అంగుళాలు. నిలువునా సగానికి మడిచి కుడితే అంచు మీద రెండు పొరలు వస్తాయి, ఎక్కువకాలం మన్నుతుంది.

3. పీలికలు ఏరండి. కాటన్‌ను కాటన్‌తోనే కలపండి. సింథటిక్ ముక్క కలిస్తే ఉతికాక అంచు ముడుచుకుపోవచ్చు. 10 అంగుళాలకన్నా పొట్టివి వద్దు, ఎందుకంటే ఏటవాలు అతుకు ఒక్కోదానికీ సుమారు 2.5 అంగుళాల పొడవు పోతుంది. 40 అంగుళాల పీలికలైతే పైన చెప్పిన బొంతకు 6 చాలు, 10 అంగుళాలవైతే దాదాపు 30 కావాలి.

4. అతకండి. రెండు పీలికల చివర్లను, మంచివైపులు ఎదురెదురుగా ఉండేలా, ఒకదానిపై ఒకటి అడ్డంగా పెట్టి, మూల నుంచి మూలకు ఏటవాలుగా కుట్టండి. పావు అంగుళం ఉంచి మిగతాది కత్తిరించి, అతుకును రెండు వైపులా విప్పి ఇస్త్రీ చేయండి. నేరుగా అతికితే మందమంతా ఒకేచోట చేరి గడ్డలా తగులుతుంది. తర్వాత పట్టీ మొత్తాన్ని నిలువునా మడిచి ఇస్త్రీ చేయండి.

5. కుట్టేముందు పట్టీని బొంత చుట్టూ ఒకసారి పరవండి. దయచేసి ఇది మానకండి. అతుకు సరిగ్గా మూలమీద పడితే అక్కడ మడత కుదరదు, మిషన్ సూది కూడా విరగొచ్చు. మొదలుపెట్టే చోటును నాలుగైదు అంగుళాలు జరిపితే సరి.

ఇక పట్టీకి పనికిరాని సన్న పీలికలు. పలచటి పాత కాటన్ గుడ్డను చదరంగా కత్తిరించి, వాటిని దానిమీద మూల నుంచి మూలకు పక్కపక్కనే కుట్టుకుంటూ వెళ్లండి. నిండాక అంచులు సరిచేస్తే, తర్వాతి బొంతకు ఒక గడి సిద్ధం.