దీపావళి జాగ్రత్తలు: ముందు కాకరపువ్వొత్తి సంగతి చూడండి

లక్ష్మీబాంబు అంటించాక అందరం వెనక్కి పరిగెడతాం. అదే కాకరపువ్వొత్తిని మాత్రం మూడేళ్ల పిల్లాడి చేతికిచ్చి ఫోటో తీస్తాం. ఈ పండక్కి మానాల్సిన అలవాటు ఇదే.

దాన్నుంచి రాలే ప్రతి బంగారు రవ్వా మండుతున్న ఇనుప రజనే. మందులోని నైట్రేట్ ఆక్సిజన్ అందిస్తుంటే అక్కడ వేడి 1000 డిగ్రీలు దాటుతుంది. కళ్లు చెదిరే తెల్లటి మెరుపు అల్యూమినియం, మెగ్నీషియం పొడులది. ఆకాశంలో పేలే షాట్లలో ఎరుపు స్ట్రాన్షియంది, పసుపు సోడియంది, ఆకుపచ్చ బేరియంది, నీలం రాగిది. మంట కాస్త వేడెక్కితే నీలం వెలిసిపోతుంది, అందుకే మంచి నీలం అరుదుగా కనిపిస్తుంది. టపాకాయల్లో బేరియం లవణాల వాడకాన్ని 2018లోనే సుప్రీంకోర్టు నిషేధించింది. పెట్టె మీద గ్రీన్ క్రాకర్స్ (కాలుష్యం తక్కువగా ఉండే టపాకాయలు) అని ఉన్నా లోపల ఉండేది మందే, జాగ్రత్తలూ అవే.

వత్తి ఆరాక తీగ ఎరుపు పోతుంది గానీ వేడి పోదు. చీకట్లో కింద పారేస్తే, చెప్పుల్లేకుండా వచ్చేవాళ్లు దాన్నే తొక్కుతారు. పక్కనే బకెట్‌తో నీళ్లు పెట్టుకుని, కాలిన తీగలన్నీ అందులోనే వేయండి. పిల్లలకు నూలు బట్టలు వేయండి. నైలాన్, పాలియెస్టర్ కరిగి ఒంటికి అంటుకుపోతాయి. పట్టులంగా తీసేస్తానంటే అమ్మమ్మ ఒప్పుకోదు, తెలుసు. ఫోటోలు అయ్యాక మార్చండి.

చిచ్చుబుడ్డి మీదకి మొహం వంచి అంటించొద్దు. పక్కకి నిలబడి, చేయి చాచి పొడవాటి అగరొత్తితో ముట్టించండి. వెలగకపోతే ఊది చూడటం, కాలితో తన్నడం లాంటివి చేయొద్దు. చాలాసేపు ఆగి, దూరం నుంచి నీళ్లు పోయండి. తెల్లారాక పిల్లలు పేలని టపాకాయలు ఏరి, విప్పి, మందంతా కాగితంలో పోసి అంటిస్తారు. అది చప్పుడు లేకుండా ఒక్కసారిగా భగ్గుమంటుంది. చేతులు, మొహం కాలేది అక్కడే. రాత్రే వాకిలి తడిపి ఊడ్చేస్తే ఆ టెన్షన్ ఉండదు.

ఒళ్లు కాలితే 20 నిమిషాలు కుళాయి నీళ్ల కింద పెట్టాలి. టూత్‌పేస్టు, సిరా, ఐసు ఏవీ వద్దు. కంట్లో దెబ్బ తగిలితే నలపకుండా, నొక్కకుండా, సొంతంగా చుక్కలు వేయకుండా ఆ రాత్రే కంటి ఆసుపత్రికి వెళ్లండి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు మెహిదీపట్నంలో సరోజినీదేవి ఆసుపత్రి ఉంది. మిగతా ఊళ్లవాళ్లు దగ్గర్లో రాత్రి డాక్టరు ఉండే ఆసుపత్రి ఏదో పండక్కి ముందే కనుక్కుని ఫోన్ నంబరు రాసిపెట్టుకోండి.