స్కూల్ బ్యాండ్‌తో కష్టమైన పీస్ వాయించడం ఎలా?

డిసెంబరులో నేవీ డే సందడిలో విశాఖ ఆర్కే బీచ్‌లో నేవీ బ్యాండ్ విన్న ప్రతి స్కూలుకీ ఒకటే ఆశ: జనవరి 26కి మన పిల్లలూ అలాంటిదేదో వాయించాలి. ఆశ మంచిదే. కానీ సంక్రాంతి సెలవులు తీసేస్తే చేతిలో మిగిలేది ఆరు వారాలు. ఆ ఆరు వారాలూ పీస్‌ని ఫుల్ స్పీడ్‌లో మొదలుపెట్టడం, తప్పొచ్చిన చోట ఆపడం, మళ్లీ మొదటికి రావడం, ఇదే తంతు. చివరికి మొదటి పదహారు బార్లు (నిలువు గీతలతో విడగొట్టిన లెక్క గళ్లు) భేషుగ్గా ఉంటాయి, ఆపైన ఎవరి పాట వాళ్లది.

సామాను, పీస్ ఎంపిక

ప్రతి వాద్యానికీ విడి పార్టు (అది వాయించాల్సిన నోట్ల కాగితం), పెన్సిల్ (పెన్ను పనికిరాదు), ఫోన్లో మెట్రోనోమ్ (సమాన వేగంతో టిక్కుమనే యాప్), అది అందరికీ వినపడేలా ఒక స్పీకరు, వాల్వ్ ఆయిల్. సముద్రపు గాలికి ట్రంపెట్ వాల్వులు తొందరగా పట్టేస్తాయి, రోజూ వాయించే ముందు రెండేసి చుక్కలు వేయించండి.

పీస్‌లో కష్టమైన చోట్లు మూడో నాలుగో ఉండాలి. ప్రతి లైనూ కష్టమే అయితే అది మీ బ్యాండుకి తగిన పీస్ కాదు. ట్రంపెట్ పార్టు స్టాఫ్ (నోట్లు రాసే ఐదు గీతలు) పైనున్న జి దాటి పదేపదే పోతుంటే పక్కన పెట్టేయండి, తొమ్మిదో తరగతి పెదవులు అంతసేపు నిలవవు. లెక్క మారే బార్లున్న పీస్ నిలబడి వాయించడానికే. కవాతులో నిమిషానికి 120 అడుగులు పడుతుంటే 7/8లో (బారుకి ఏడు చిన్న దెబ్బలు) కాళ్లు కుదరవు.

ట్యూనింగ్

ఐదు నిమిషాల పని. కాన్సర్ట్ బి ఫ్లాట్ (పియానో మీది బి ఫ్లాట్) ఇవ్వండి. ఒకే శ్రుతికి ఒక్కో వాద్యంలో ఒక్కో పేరు: ఫ్లూట్ బి ఫ్లాట్, ట్రంపెట్, క్లారినెట్ సి, ఆల్టో శాక్సోఫోన్ జి వాయిస్తే అందరిదీ ఒకటే శ్రుతి. వాద్యం ఊది వేడెక్కాకే ఇది చేయాలి. మన ఉక్కపోతలో గాలి వాద్యాల శ్రుతి పైకి పోతుంది. ట్రంపెట్‌కి ట్యూనింగ్ స్లైడ్, క్లారినెట్‌కి బ్యారెల్ (మౌత్‌పీస్ కింది ముక్క) కొద్దిగా బయటికి లాగాలి. ఏసీ గదిలో ట్యూన్ చేసి ఎండలోకి తీసుకెళ్తే మళ్లీ చేయక తప్పదు.

నోట్ల కింద అక్షరాలు రాయొద్దు

చాలా స్కూళ్లలో నోట్ల కింద సి, డి, ఈ అనో, స రి గ అనో రాసిచ్చేస్తారు. తేలిక పాటలకు గడిచిపోతుంది. కష్టమైన పీస్‌లో మాత్రం ఇదే కొంప ముంచుతుంది. అక్షరం ఏ స్వరమో చెబుతుంది గానీ ఎంతసేపో చెప్పదు. పిల్లల కళ్లు అక్షరాల మీదే ఉంటాయి, పైనున్న నోటు నిడివి చూడనే చూడరు. రాసుంటే చెరిపించండి. మొదటి వారం ఏడుస్తారు, ఏడవనివ్వండి.

అసలు కష్టం: లెక్క మారే బార్లు

వేళ్ల వేగం సాధనతో ఎలాగూ వస్తుంది. బ్యాండుని పడగొట్టేది 4/4లో (బారుకి ఎనిమిది చిన్న దెబ్బలు) హాయిగా నడుస్తున్న పీస్ ఉన్నట్టుండి 7/8లోకి దిగే చోటు. ఇక్కడ తొందరపడకండి. రెండు పీరియడ్ల పాటు వాద్యాలు పెట్టెల్లోనే ఉండాలి.

‘వన్, టూ, త్రీ’ అంటూ సెవెన్ దాకా లెక్కపెట్టించేవాళ్లు ఉన్నారు. ‘సెవెన్’ రెండు ముక్కలుగా పలుకుతుంది, నోరు అక్కడే సాగి ఎనిమిదో దెబ్బ పుట్టుకొస్తుంది. 1919 నుంచీ సంగీత కళాశాల నడుస్తున్న విజయనగరాన్ని పక్కనే పెట్టుకుని మనకీ అవస్థ ఎందుకు? మృదంగం నేర్చుకునే పిల్లలకి మిశ్రం అంటే ఏడని చెప్పక్కర్లేదు. జతులు (తాళం లెక్కకి నోటితో పలికే అక్షరాలు) వాడండి. ఏడుని 2+2+3గా విడగొట్టి ఉంటే ‘తక తక తకిట’. 3+2+2 అయితే ‘తకిట తక తక’. ఏది ఎక్కడో నోట్లను కలిపే అడ్డగీతలు చూస్తే తెలిసిపోతుంది. పార్టు మీద పెన్సిల్‌తో రాయించండి. ఈ రాతకి మాత్రం మినహాయింపు, ఎందుకంటే ఇది నిడివి చెబుతుంది.

మెట్రోనోమ్‌ని ఎయిత్ నోటుకి (ఆ చిన్న దెబ్బ ఒకటి) నిమిషానికి 120 దగ్గర పెట్టండి. ఒక్కో టిక్కుకి ఒక్కో అక్షరం. అందరూ లేచి నిలబడి జతి పలుకుతూ, ప్రతి ‘త’కీ ఒక అడుగు వేయాలి. రెండు పొట్టి అడుగులు, ఒక పొడుగు అడుగు. తర్వాత 4/4 ఒక బారు, 7/8 ఒక బారు మార్చిమార్చి చెప్పించండి: ‘తక తక తక తక’, ‘తక తక తకిట’. టిక్కు మారలేదు, ఒక అక్షరం రాలిపోయింది, అంతే. ఈ ముక్క పిల్లల కాళ్లకి తెలియాలి. బోర్డు మీద ఎంత వివరించినా లాభం లేదు.

ఇందులో జరిగే తప్పులు రెండే. మొదటిది, ‘తకిట’ని ‘తక’ పట్టే కాలంలోనే కుక్కేయడం. అప్పుడు మూడు సమాన దెబ్బలు పడతాయి, వినడానికి చక్కగానే ఉంటుంది, అందుకే ఎవరూ పట్టుకోరు. సాధారణంగా బాస్ డ్రమ్ దగ్గర మొదలవుతుంది. రెండోది, బారు చివర ఊపిరి తీసుకుని ఏడుని ఎనిమిది చేయడం. ఇది గాలి వాద్యాల వాళ్ల పని.

చెవిని నమ్మొద్దు, స్టాప్‌వాచ్ పెట్టండి. ఎయిత్ నోటుకి 180 వేగంలో పన్నెండు 7/8 బార్లు సరిగ్గా 28 సెకన్లు పట్టాలి. 24 దగ్గర ముగిస్తే కుక్కేస్తున్నారు. 32కి పోతే సాగదీస్తున్నారు. మధ్యలో 26 వచ్చిందంటే సగం బ్యాండు ఒకలా, సగం ఒకలా. అప్పుడు ఒక్కో సెక్షన్‌ని విడిగా కొలవండి.

ఊపిరికి మందు ఇది: బార్ల మధ్య ఎవరూ గాలి తీయకూడదు. నాలుగు బార్లకోసారి, ఒక నోటుని చివర్లో కాస్త కురచ చేసి ఆ సందులో తీయాలి. పక్కపక్కన కూర్చున్న ఇద్దరూ ఒకే చోట తీయకూడదు, చోటు పెన్సిల్‌తో గుర్తు పెట్టాలి.

ఇప్పుడు వాద్యాలు తీయొచ్చు. అయినా ముందు ట్యూన్ చేసిన ఆ ఒక్క నోటు మీదే లయ అంతా వాయించాలి. అది కుదిరాకే అసలు స్వరాలు. వేగం 120 నుంచి పన్నెండేసి పెంచుతూ 180కి వెళ్లాలి. వరసగా మూడుసార్లు తప్పు లేకుండా వస్తేనే పై మెట్టు. తప్పితే రెండు మెట్లు కిందికి. మర్నాడు నిన్న ఆగిన చోటికన్నా ఒక మెట్టు కింద మొదలుపెట్టండి. 2+2+3 బారులో సైడ్ డ్రమ్ ఒకటి, మూడు, అయిదు అక్షరాలకి గట్టిగా, మిగతావి మెల్లగా. బాస్ డ్రమ్ ఒకటికి తప్ప కొట్టకూడదు.

యూట్యూబ్ పెట్టి దానితోపాటు వాయించే సాధన మాత్రం వద్దు. వీడియో లెక్కపెడుతుంది, పిల్లలు వెనక పడి పోతుంటారు. అది ఆపేస్తే వీళ్లూ ఆగిపోతారు.

వేగంగా పరిగెత్తే స్వరాలు

చివరి నాలుగు నోట్లతో మొదలుపెట్టి, ముందువి నాలుగేసి కలుపుకుంటూ రండి. ఇలా చేస్తే రాను రాను తెలిసిన చోటికి చేరుతుంటారు. క్లారినెట్‌లో ఎ నుంచి పై బి నేచురల్‌కి దాటే చోట కీచుమంటే తప్పు రీడ్‌ది కాదు, ఏదో రంధ్రం పూర్తిగా మూయలేదన్నమాట. ఎ వాయిస్తున్నప్పుడే కుడిచేతి వేళ్లు రంధ్రాల మీద పెట్టేసి ఉంచాలి.

మైదానంలో

గదిలో కుదిరింది పోలీస్ బ్యారెక్స్ మైదానం లాంటి చోట చెదిరిపోతుంది. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు. వెనక వరసలో డ్రమ్ముకీ ముందు వరసకీ 17 మీటర్లుంటే సెకనులో ఇరవయ్యో వంతు ఆలస్యం. డ్రమ్ముల వాళ్లు ముందు వరసని వినకుండా, బ్యాండుని నడిపే డ్రమ్ మేజర్ కర్రనే చూడాలి. ముందు వరస మాత్రం వెనక నుంచి వచ్చే డ్రమ్ముని వినే వాయించాలి, అప్పుడే ఎదురుగా కూర్చున్నవాళ్లకి రెండూ కలిసి చేరతాయి. వీలైతే వరసలు దగ్గరగా జరపండి, కాగితాలకి క్లిప్పులు పెట్టండి. ముందురోజే అదే మైదానంలో ఎండలో ఒకసారి వాయించి, స్లైడ్ ఎంత లాగారో పెన్సిల్‌తో గీత పెట్టుకోండి.