బాస్ ఆంప్‌ని నేల మీంచి లేపండి
ఒడిశా బరంపురంలో ఠాకురాణి అమ్మవారి యాత్రలో నేను బాస్ గిటార్ వాయించిన స్టేజీ చెక్క పలకలది, కింద అంతా డొల్ల. ఆంప్, అంటే గిటార్ శబ్దాన్ని పెంచే స్పీకర్ పెట్టె, నేల మీదే పెట్టాను. మోకాళ్లకి బాగా వినిపించింది, చెవులకి కాదు! వాల్యూమ్ పెంచితే ముందు వరసవాళ్లు చెవులు మూసుకున్నారు.

ఇప్పుడు రెండు కూల్‌డ్రింక్ క్రేట్లు పక్కపక్కన బోర్లించి, తాడుతో కట్టి, మడత పెట్టిన గోనెసంచి పరిచి దానిమీద పెడుతున్నాను. అడుగు ఎత్తు వస్తుంది. ఆంప్ ముందు అంచు కింద చిన్న చెక్కముక్క దూరిస్తే స్పీకర్ చెవి వైపు తిరుగుతుంది. డ్రమ్స్ అదురుకి జారకుండా ఒకసారి ఊపి చూడండి.

నేల అదిరి ఇచ్చే దన్ను తగ్గేసరికి బాస్ పలచబడినట్టు ఉంటుంది. కంగారుపడి నాబ్ తిప్పేయకండి. ముందు లావుపాటి E తీగ, అంటే 41 హెర్ట్జ్ (సెకనుకి 41 కంపనాలు) పలికేది, మీటి మీరు నిలబడే చోటి నుంచే వినండి. గుయ్యిమనకుండా స్వరం విడిగా తెలిస్తే ఇక ముట్టుకోవద్దు.