కంపెనీ ల్యాప్‌టాప్‌తో విదేశం నుంచి పని చేయాలంటే

సామాను సంగతి ముందే తేల్చేద్దాం. ల్యాప్‌టాప్, చార్జర్, వెళ్లే దేశానికి సరిపోయే ప్లగ్ అడాప్టర్, మైకున్న హెడ్‌సెట్, ఒక ఈథర్‌నెట్ కేబుల్. చార్జర్ మీద 100-240 వోల్టులు అని రాసుంటే కన్వర్టర్ అక్కర్లేదు. ల్యాప్‌టాప్, పవర్ బ్యాంకు రెండూ విమానంలో మీ చేతి బ్యాగులోనే ఉండాలి.

ఇక అసలు పని: అనుమతి. చెడేదంతా ఇక్కడే చెడుతుంది.

‘మా మేనేజర్ సరే అన్నారు’ అంటే అనుమతి వచ్చినట్టు కాదు. పని ఆగకపోతే మేనేజర్‌కి చాలు. మీరు ఏ దేశంలో కూర్చున్నారన్నది మాత్రం హెచ్‌ఆర్‌కి, పన్నులు చూసేవాళ్లకి, ఐటీ సెక్యూరిటీకి కావాలి. 183 రోజుల లోపు ఉంటే పన్ను బాధ లేదని చాలామంది ధీమాగా చెప్పేస్తారు. దేశాల మధ్య పన్ను ఒప్పందాల్లో సాధారణంగా ఆ అంకె ఉండే మాట నిజమే. కానీ దాని పక్కనే ఇంకో రెండు షరతులుంటాయి: జీతమిచ్చే కంపెనీ ఆ దేశానిది కాకూడదు, అక్కడి శాఖ ఖర్చులో ఆ జీతం పడకూడదు. ఒప్పందమే లేని దేశంలో ఆ అంకెను నమ్ముకోకూడదు. వీసా కూడా అంతే. టూరిస్టు వీసా మీద పని చేయడం చాలా దేశాల్లో కుదరదు, జీతం ఇంకెక్కడి నుంచో వస్తున్నా సరే. ఎస్టోనియా 2020లో, స్పెయిన్ 2023లో ఇలాంటివాళ్ల కోసం ప్రత్యేక వీసాలు తెచ్చింది అందుకే.

కాబట్టి హెచ్‌ఆర్‌కి, పన్నులు చూసేవాళ్లకి, ఐటీ సెక్యూరిటీకి మెయిల్ రాయండి. దేశం, ఊరు, వెళ్లే తేదీ, వచ్చే తేదీ, వీసా రకం, ల్యాప్‌టాప్ అసెట్ నంబరు (కంపెనీ దానికిచ్చిన గుర్తింపు నంబరు), అన్నీ అందులో ఉండాలి. మూడు ప్రశ్నలు సూటిగా అడగండి: ఈ ల్యాప్‌టాప్‌ని ఆ దేశానికి తీసుకెళ్లొచ్చా? అక్కడి నుంచి కంపెనీ వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే సురక్షిత దారి) వాడొచ్చా? అక్కడ తెరవకూడని డేటా ఏదైనా ఉందా? జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టు కాదు, మళ్లీ అడగండి. వచ్చిన జవాబు ప్రింటు తీసి పాస్‌పోర్టుతో పాటు పెట్టుకోండి. అకౌంట్ లాకైన రోజున మెయిల్ తెరుచుకోదు.

ఇంట్లో రౌటర్ మీద వీపీఎన్ పెట్టుకుని, విదేశంలో కూర్చుని ఇంటి ఐపీ (ఎక్కడి నుంచి నెట్ వాడుతున్నారో తెలిపే చిరునామా) చూపించే ఉపాయం ఒకటి బాగా తిరుగుతోంది. దయచేసి ఆ జోలికి పోకండి. చుట్టుపక్కల వైఫై సిగ్నళ్లను బట్టి కూడా ల్యాప్‌టాప్ తానెక్కడుందో కనిపెట్టగలదు. లాగిన్‌కి ‘అప్రూవ్’ నొక్కే మీ ఫోను ఆ ఊరి నెట్‌వర్క్ మీదే ఉంటుంది. దొరికినప్పుడు ఆ ప్రయాణం ఒక్కటే కాదు, దాచిపెట్టడం పెద్ద తప్పవుతుంది. అడిగితే ‘వద్దు’ అనొచ్చు, నిజమే. ఉద్యోగం పోవడం కంటే అదే నయం.

తర్వాత లాగిన్. ఎస్సెమ్మెస్ ఓటీపీని నమ్ముకోవద్దు, రోమింగ్‌లో రాకపోతే మీ పని ఆగిపోతుంది. ఆథెంటికేటర్ యాప్ పెట్టుకోండి, దానికి తోడు సెక్యూరిటీ కీ (లాగిన్‌కి ల్యాప్‌టాప్‌లో గుచ్చే చిన్న పరికరం) లాంటి రెండో దారి కూడా. యాప్‌లో కోడ్ సాధారణంగా 30 సెకన్లకోసారి మారుతుంది, కాబట్టి ఫోన్ గడియారం ఆటోమేటిక్‌లోనే ఉండాలి. పాస్‌వర్డ్ గడువు ప్రయాణం మధ్యలో ముగిసేలా ఉంటే ముందే మార్చేయండి. హెల్ప్‌డెస్క్ నంబరు కాగితం మీద రాసుకోండి: బిట్‌లాకర్ (విండోస్‌లో డిస్కుకి తాళం వేసే ఏర్పాటు) 48 అంకెల రికవరీ కీ అడిగితే వాళ్లే దిక్కు.

సరిహద్దు దాటేముందు ల్యాప్‌టాప్‌ని స్లీప్‌లో వదలకుండా పూర్తిగా ఆపేయండి. దిగాక హోటల్ వైఫై కంటే ఫోన్ హాట్‌స్పాట్ మేలు. వైఫై తప్పకపోతే ముందు దాని లాగిన్ పేజీ పూర్తి చేసి, ఆ తర్వాతే వీపీఎన్ ఆన్ చేయండి, లేకపోతే రెండూ పనిచేయవు. మధ్యలో పక్క దేశానికి వెళ్లి అక్కడ కూడా పని చేయాలనుకుంటే, ఆ దేశం పేరుతో మళ్లీ మెయిల్ పెట్టాల్సిందే.